రెండు దారులకు ఒకే పెట్టె

ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాలలో నాలుగయిదు ఒకే సంగతి అడుగుతున్నవి. రాసినవారంతా పెద్దవాళ్ళు. కొడుకో కూతురో అమెరికాలో వున్నారు. వీరు ఆరునెలలపాటు వెళ్ళి వచ్చారు, లేదా వెళ్ళబోతున్నారు. అక్కడ అల్లుడుగారి కారులో, ముందు అద్దానికి అరచేతిలో పట్టేటంత పెట్టె ఒకటి తగిలించి వుంటుంది. "అర మైలు పోయాక ఎడమకు తిరగండి" అని అది ఆడగొంతుతో చెపుతూ వుంటుంది. శని ఆదివారాలు వస్తే అల్లుడుగారు అదే పెట్టెను అద్దంనుంచి ఊడదీసి, సంచికి తగిలించుకొని, కొండలెక్కడానికి బయలుదేరతారు. "చేతిలో సెల్‌ఫోను వుండగా ఈ పెట్టె దండగ ఖర్చు కాదా?" అని ఒకరి ప్రశ్న. "మనవైపు వచ్చేటప్పుడు ఒకటి తెమ్మనమంటారా?" అని మరొకరు.

రాజమండ్రినుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం మాత్రం వేరు. ఆమె కుమారుడికి కాలిఫోర్నియాలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, కారు వేసుకొని ఒంటరిగా కొండలవైపు పోతాడు. ఈమె గాభరాపడితే, "పెట్టె వున్నదిగా అమ్మా, దారి అదే చెపుతుంది" అంటాడట. "ఆ మాట నమ్మి నేను నిద్రపోవచ్చునా?" అని ఆమె అడిగారు. మిగతా ప్రశ్నలకంటె ఈ ప్రశ్న పెద్దది. అందుచేత దీన్ని చివరికి వుంచి, ముందు పెట్టె సంగతి చూద్దాం.

ఈ జి.పి.యస్. పెట్టె ఎవరినీ ఏమీ అడగదు. ఉత్తినే చెవి ఒగ్గి వింటుంది, అంతే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికావారి ఉపగ్రహాలు ముప్ఫై దాకా తిరుగుతున్నవి. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తుంది. ఒక్కొక్కదానిలోనూ అతి సూక్ష్మమైన అణుగడియారం వున్నది. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఫలానాచోట వున్నాను, ఇప్పుడు వేళ ఇంత" అని అది నిరంతరం రేడియోలో చాటుతూ వుంటుంది. ఆ మాట మన పెట్టెకు చేరడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమయిందో చూసుకొని, ఉపగ్రహం ఎంత దూరాన వున్నదో పెట్టె లెక్కగడుతుంది. మూడు ఉపగ్రహాల దూరం తెలిస్తే మనం ఎక్కడ వున్నదీ తేలిపోవాలి. కాని పెట్టెలోని గడియారం చవకరకం. అది సెకనులో పదిలక్షలవ వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. కాబట్టి తలపైన ఆకాశం బాగా కనిపించడం అవసరం. లోతైన లోయలో, నిటారు కొండగోడల పక్కన, వాన నీళ్ళు కారుతున్న దట్టమైన చెట్లకింద పెట్టె తడబడడానికి కారణం ఇదే. కొండగోడకు తగిలి చుట్టుతిరిగి వచ్చిన సంకేతాన్ని విని, అసలుకంటె ఎక్కువ దూరం వున్నదని అది మోసపోతుంది.

మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. అప్పుడది మిలిటరీవారి సొత్తు. 1983 సెప్టెంబరులో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయిన కొరియా ప్రయాణీకుల విమానాన్ని కూల్చివేశారు. అందులోని 269 మందీ మరణించారు. ఆ తరువాతనే, ఈ ఏర్పాటు పూర్తి కాగానే పౌరులు కూడా వాడుకోవచ్చునని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. 1995 నాటికి ఏర్పాటు పూర్తయింది. అయినా 2000 మే నెల దాకా పౌరులకు వచ్చే సంకేతాన్ని కావాలని కొంత చెడగొట్టి వదిలేవారు. అప్పట్లో వంద మీటర్లు అటూ ఇటూ అయ్యేది. వంద మీటర్లంటే వీధి మారిపోతుంది గదా! ఆ కట్టుబాటు తీసేసిన తరువాత ఈ పెట్టెలు కార్లలోకి విరివిగా వచ్చాయి. ఇప్పటి పెట్టెలు రష్యావారి, ఐరోపావారి ఉపగ్రహాలను కూడా వింటాయి. మన దేశం సొంతంగా ఏర్పరచుకొంటున్న నావిక్‌కు సంబంధించిన మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోటనుంచే లేచింది.

ఇంతవరకు బాగానే వున్నది. అయితే ఒక్క మాట గమనించాలి. ఉపగ్రహాలు చెప్పేది మనం ఎక్కడ వున్నామన్నదే. ఎటు పోవాలన్నది ఉపగ్రహాలకు తెలియదు. అది పెట్టెలో దాచిన పటం చెప్పే మాట. పటం పాతదైతే పెట్టె చెప్పే దారీ పాతదే. మొదటి మాట చాలావరకు నిజమై వుండడంవల్ల, రెండోదాన్ని కూడా మనవాళ్ళు వేదవాక్కుగా పుచ్చుకుంటున్నారు. చిక్కంతా అక్కడే పుడుతున్నది.

పైగా కారు అడిగే ప్రశ్న ఒకటి, కొండ అడిగే ప్రశ్న మరొకటి. కారుకు రోడ్డు వున్నది. ఏ కూడలిలో ఎటు తిరగాలన్నదే దాని బాధ. నాలుగు అడుగులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పెట్టె మనలను దగ్గరలో వున్న రోడ్డుమీదికి తనే జరిపి చూపిస్తుంది. కొండమీద అట్లా జరిపితే కొంప మునుగుతుంది. అక్కడ మనం నిజంగా ఎక్కడ నిలబడి వున్నామో తెలియాలి, ఎదురుగా ఏటవాలు ఎంతో తెలియాలి. దీనికి సమోన్నత రేఖలు గీసిన పటం కావాలి. ఆ గీతలు ఒత్తుగా వుంటే నిటారు, ఎడంగా వుంటే సాఫు. కార్లకోసం చేసిన మామూలు పెట్టెలో ఇవి వుండవు. రోడ్డు దాటి అడుగు పెట్టామంటే, దానికి మనం ఉత్త తెల్లకాగితం మీద చీమలం.

ఈ రెండు పనులూ ఒకే పెట్టె చేయాలని కంపెనీలు చాలా యత్నించాయి. గార్మిన్ కంపెనీవారు 2008లో నువి 500 అని ఒకటి తెచ్చారు. చూడడానికి కారు పెట్టెలాగే వుంటుంది. కాని మీటరు లోతు నీళ్ళలో అరగంట పడివున్నా చెడదు. 2011లో అదే కంపెనీ మొంటానా అనేదాన్ని తెచ్చింది. దానికి నాలుగంగుళాల తెర. కారులో ప్రత్యేకమైన పీటమీద పెడితే బిగ్గరగా మాట్లాడుతుంది. పీటమీదనుంచి తీస్తే నడక పెట్టె అవుతుంది. దాని సొంత బ్యాటరీ అయిపోతే మూడు పెన్సిల్ సెల్లు వేసుకొని నడిపించవచ్చు. మా అభిప్రాయంలో ఈ సెల్లు వేసుకునే సదుపాయమే కొండమీద అన్నిటికంటె విలువైనది. కారులో కరెంటుకు లోటు లేదు. కొండమీద చార్జింగు పెట్టే గోడ ఎక్కడున్నది? 2020లో వచ్చిన కొత్త మొంటానాలకు తెర అయిదంగుళాలయింది. రెండు పనులు చేసే పెట్టెకు ఒక తంటా ఎప్పుడూ వుంటుంది. కారుకు చాలినంత తెర పెడితే చేతికి బరువు, చేతికి తేలికగా చేస్తే కారులో కళ్ళద్దాలు సవరించుకోవలసివస్తుంది. చత్వారం వచ్చినవారు ఈ సంగతి దుకాణంలోనే చూసుకోవాలి.

ఇక 2011 మార్చిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియానుంచి పెద్ద వయసు దంపతులిద్దరు తమ వ్యానులో లాస్ వేగాస్ బయలుదేరారు. ఒరెగన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో చివరిసారిగా కనిపించారు. ఆ తరువాత పెద్ద రోడ్డు వదిలి, పెట్టె చూపిన దగ్గరదారి పట్టారు. ఉత్తర నెవాడా కొండల్లో అది మట్టిబాట అయింది, ఆ మట్టిబాట బురద అయింది. వ్యాను దిగబడిపోయింది. చుట్టుపక్కల మనిషి లేడు. ఫోను పలకదు. రెండు మూడు రోజులు చూసి, మార్చి 22న భర్త ఆ కారు పెట్టెనే చేతపట్టుకొని, మౌంటెన్ సిటీ అనే ఊరు చేరి సాయం తెస్తానని కాలినడకన బయలుదేరాడు. భార్య వ్యానులోనే వుండిపోయింది. కాసిని గింజలు, ఎండుపళ్ళు, పిప్పరమెంట్లు, చేపనూనె గుళికలు, మంచు కరిగిన నీళ్ళు - వీటితో ఏడు వారాలు గడిపింది. మే 6న వేటకు వచ్చినవారి కంటబడింది. ఆమె బతికింది. భర్త అవశేషాలు మరుసటి సంవత్సరం, 2012 శరత్కాలంలో, ఆ కొండల్లోనే దొరికాయి. ఆ ఊరు అక్కడికి కొద్ది మైళ్ళే.

ఈ కథ చదివి, "పెట్టె చంపింది" అనేవారున్నారు. మేము అంత మాట అనం. కాని మన పాఠకులు ఈ కథను రెండు ముక్కలుగా చూడాలని కోరుతున్నాం. మొదటి ముక్కలో ఒక కారు దారి వున్నది. పటంలో అది రోడ్డే. కాని మార్చి నెలలో, మంచు కరిగే రోజుల్లో, ఆ రోడ్డు రోడ్డు కాదు. పటానికి ఋతువులు తెలియవు. రెండో ముక్కలో కారుకోసం కొన్న వస్తువును కాలినడకకు పట్టుకొనిపోవడం వున్నది. ఊరు ఎన్ని మైళ్ళన్నది పెట్టె చెప్పగలదు. మధ్యలో మంచు ఎన్ని అడుగుల లోతో, మనిషి ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో అది చెప్పలేదు. ఇంకొకటి కూడా గమనించండి. కదలకుండా బండి దగ్గర వున్న మనిషి దొరికింది. వెదికేవారికి ఆకాశంనుంచి మనిషికంటె వ్యాను పెద్దదిగా కనిపిస్తుంది. బండి దిగబడితే బండి వదలవద్దని కొండ ప్రాంతాల కాపలాదారులు మొత్తుకునేది ఇందుకే.

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అని ఒక ఎడారి వున్నది. 1913 జూలై 10న అక్కడ 134 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి నమోదయింది. మనకు రామగుండం, రెంటచింతల ఎండలు తెలుసు గాని, ఇది వాటికి తాత. 2009 ఆగస్టులో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని, పెట్టెను నమ్ముకొని అక్కడి పాడుబడిన బాటలలోకి పోయింది. జీపు ఇసుకలో కూరుకుపోయింది. అయిదు రోజుల తరువాత మనుషులు చేరేసరికి తల్లి మాత్రమే బతికి వున్నది. అక్కడి అధికారులు ఇటువంటివాటికి 'డెత్ బై జి.పి.యస్.' అని ఒక పేరే పెట్టారు. పాత గనులకు వేసి వదిలేసిన బాటలు చాలా పటాలలో ఇప్పటికీ రోడ్లలాగే గీసి వుంటాయి మరి.

కాబట్టి పెట్టె కొన్నవారు, కొనిపెట్టినవారు చేయవలసిన పనులు కొన్ని వున్నవి. మొట్టమొదట, ఇంట్లో కూర్చొని, కాఫీ తాగుతూ, దాని సెట్టింగులు చూడండి. 'దగ్గరదారి', 'త్వరగా చేరే దారి' అని రెండు విధాలు వుంటాయి. 'దగ్గరదారి' అని పెట్టి వుంటే వెంటనే మార్చండి. పెట్టెకు దగ్గరంటే కొలతలో దగ్గర, అంతే. అందులో గోతులున్నా వాగులున్నా దానికి పట్టదు. 'మట్టిరోడ్లు వద్దు' అని చెప్పే వీలు వుంటే అదీ చెప్పండి.

కారునుంచి దిగి నడక మొదలుపెట్టేటప్పుడు పెట్టెను నడక పద్ధతికి మార్చాలి. రోడ్డుమీదికి జరిపి చూపే అలవాటును కూడా మాన్పించాలి. తిరిగి కారెక్కగానే కారు పద్ధతికి మార్చాలి. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. నడిచేవాడికి ఒకవైపు రోడ్డు, రెండువైపుల రోడ్డు అని తేడా లేదు. ఆ పద్ధతిలోనే వుంచి కారు నడిపితే పెట్టె ఎదురుదారిలోకి పొమ్మన్నా పొమ్మంటుంది. తిరుమలకు ఎక్కే ఘాటురోడ్డు వేరు, దిగే ఘాటురోడ్డు వేరు. అక్కడ ఇట్లా జరిగితే ఎట్లా వుంటుందో ఊహించుకోండి.

పెట్టెలో 'తిన్నగా' అనే పద్ధతి ఒకటి వుంటుంది. మనం వున్నచోటినుంచి చేరవలసినచోటికి తాడు పట్టి లాగినట్టు గీత గీస్తుంది. పడవవారికి అది బాగుంటుంది. కొండమీద ఆ గీత లోయలోకి దూకుతుంది, బండను చీల్చుకొని పోతుంది. గీతను చూసి నడవవద్దు, బాటను చూసి నడవండి. బాట గీతకు దూరమవుతున్నదని కంగారు పడనక్కరలేదు. అలిపిరి మెట్లదారి అయినా తిన్నగా పోతుందా?

చేరే వేళ గురించి కూడా పెట్టె మాట నమ్మలేం. సాఫుగా వున్నచోట నడిచిన వేగాన్నిబట్టి, "ఇంకొక గంట" అని అది చెపుతుంది. ఎదురుగా ఎక్కుడు వున్నదని దానికి దిగులు లేదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగుల ఎత్తుకు మరొక గంట. ఆరు మైళ్ళ దారిలో రెండువేల అడుగులు ఎక్కాలంటే మూడు గంటలన్నమాట. ఇది పడుచువాడి లెక్క. అత్తగారు, మామగారు వెంటవుంటే రెండింతలు వేసుకోండి. మధ్యలో ఫలహారాలకు కట్టిన పులిహోర విప్పే వేళ వేరే.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి వున్నది. నడక మొదలుపెట్టే ముందు, కారు పక్కన నిలబడి, ఆ చోటును పెట్టెలో గుర్తు పెట్టుకోవాలి. ఒక్క మీట నొక్కితే చాలు. అప్పటినుంచి పెట్టె మన అడుగుజాడలను చుక్కలు చుక్కలుగా రాసుకుంటూ వస్తుంది. దారి తప్పితే, కొత్తదారి చెప్పమని పెట్టెను అడగనక్కరలేదు, వచ్చినదారినే వెనక్కు చూపమనవచ్చు. మా లెక్కన పెట్టె చేసే పనులన్నింటిలో ఇంత నమ్మదగినది మరొకటి లేదు. ఎందుకంటే ఆ దారిమీద మనమే ఇప్పుడే నడిచి వచ్చాం. అది పటం చెప్పిన మాట కాదు, మన కాళ్ళు చెప్పిన మాట.

అంకెల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఎక్కడ వున్నారో ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చెప్పవలసివస్తే, అవి ఏ పద్ధతిలో వున్నవో కూడా చెప్పాలి. 17 డిగ్రీల 30 నిమిషాలు అన్నా, 17.30 డిగ్రీలు అన్నా వినేవారికి ఒకటిగానే వినిపిస్తుంది. కాని డిగ్రీకి నిమిషాలు అరవై. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే 17.50. ఈ రెంటికీ తేడా నేలమీద 22 కిలోమీటర్లు. వెదికే మనుషులు అంత దూరాన వెదికితే ఏం లాభం?

ఇక సెల్‌ఫోను ప్రశ్న. ఊళ్ళో తిరగడానికి, పెద్ద రోడ్లమీద ప్రయాణానికి ఫోను చాలు. దానికోసం పెట్టె కొనమని మేము చెప్పం. ఫోనులో కూడా ఉపగ్రహాలను వినే సాధనం వున్నది. టవరు లేకపోయినా అది పనిచేస్తుంది. టవరు లేనప్పుడు పటమే రాదు. అందువల్ల పోబోయే ప్రాంతపు పటాన్ని ఇంట్లోనే దింపుకొని పెట్టుకుంటే చాలా చిక్కులు తీరుతాయి. కాని ఎర్రటి ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోతుంది, చలిలో బ్యాటరీ దిగిపోతుంది, చెమట చేతికీ వానచినుకుకూ తెర మాట వినదు. అదీగాక, పటం చూసి చూసి బ్యాటరీ అయిపోతే సాయానికి పిలవడానికి ఫోనే వుండదు. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు, పదిమందీ నడిచే బాటలో నడిచేవారికి పెట్టె అక్కరలేదు. తరచుగా, టవరు లేని చోట్లకు పోయేవారికి అది దండగ కాదు. అటువంటివారు కాగితం పటం, దిక్సూచి కూడా సంచిలో వేసుకోవాలి. వాటికి బ్యాటరీ లేదు.

మనదేశానికి తెచ్చే విషయంలో జాగ్రత్త అవసరం. ఇప్పుడు వస్తున్న కొన్ని పెట్టెలు వినడంతో ఊరుకోవు, మాట్లాడతాయి కూడా. గార్మిన్ ఇన్‌రీచ్ అనేవి, అదే ఏర్పాటు వున్న మొంటానా 700ఐ వంటివి ఇరిడియం ఉపగ్రహాల ద్వారా సందేశం పంపగలవు, ఆపదలో సాయానికి పిలవగలవు. అమెరికాలో ఎవరైనా కొనవచ్చు. మనదేశంలో మాత్రం టెలికమ్యూనికేషన్ల శాఖ ముందు అనుమతి లేకుండా ఇటువంటివి దగ్గర పెట్టుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో సామాను తనిఖీలో ఇటువంటి పరికరం బయటపడి, కెనడానుంచి వచ్చిన ఒక యాత్రికురాలు పోలీసుల దాకా పోవలసివచ్చింది. ఆమెకు ఈ నిబంధన వున్నట్టే తెలియదు. మన పిల్లలకు కూడా తెలియకపోవచ్చు. హిమాలయాలకు పోదామనే ఉత్సాహంతో సంచిలో పడేసుకొని వచ్చేస్తారు. పండుగకు వచ్చే అబ్బాయికి, అమ్మాయికి ముందుగానే రాయండి: మాట్లాడే పెట్టె ఇంట్లో పెట్టి రమ్మని.

రాజమండ్రి సోదరికి ఇప్పుడు మా జవాబు. అమ్మా, మీ అబ్బాయి అక్కడ వున్నంతకాలం, పైన చెప్పిన మాట్లాడే పెట్టె అతని దగ్గర వుండడం మంచిదే. ఒంటరిగా పోయేవాడికి దారి చెప్పే పెట్టెకంటె సాయానికి పిలిచే పెట్టె ఎక్కువ అవసరం. దానికి నెలనెలా చందా కట్టాలి. మొదటి సంవత్సరం చందా మీరే పంపుతానంటే కాదనలేడు. అంతకంటె ముందు ఒక పని చేయమనండి. బయలుదేరే ముందురోజు రాత్రి ఒక చీటీ రాసి ఎవరికైనా ఇవ్వాలి: ఏ కొండకు పోతున్నాడు, కారు ఎక్కడ నిలుపుతాడు, ఏ బాటలో ఎక్కుతాడు, ఎన్ని గంటలకు తిరిగి కారు చేరతాడు, ఎన్ని గంటలు దాటితే అధికారులకు ఫోను చేయాలి. నెవాడాలో ఆ భార్య దొరకడానికి ఏడు వారాలు పట్టింది వారు ఏ దారిన పోయారో ఎవరికీ తెలియకపోవడంవల్లనే. ఆ చీటీ ఇవ్వవలసింది మీకు కాదు. పన్నెండున్నర, పదమూడున్నర గంటల కాలభేదంలో, ఇంతదూరాన కూర్చొని మీరు చేయగలిగింది తక్కువ. అక్కడే వున్న స్నేహితుడికో, పొరుగింటివారికో ఇవ్వమనండి. ఆ స్నేహితుడి ఫోను నంబరు మాత్రం మీరు అడిగి రాసిపెట్టుకోండి. "తిరిగి వచ్చాను" అన్న కబురు అతనికి అందిన వెంటనే మీకూ పంపే ఏర్పాటు చేసుకోండి. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరుగంటలయ్యేసరికి మనకు మరునాటి తెల్లవారి వుంటుంది. కాబట్టి రాత్రంతా మేలుకొని కూర్చోనక్కరలేదు, కాఫీ వేళకు చూసుకుంటే సరిపోతుంది.